పాఠం చేరితే చదువు వచ్చినట్టేనా?

ఆన్‌లైన్ కోర్సుది నిజమైన చదువేనా అన్న ప్రశ్నను అందరికీ కలిపి ఒకే ప్రశ్నగా అడగడం వల్ల మన చర్చ గాలిలో సాగుతున్నది. కళాశాల గడప తొక్కే అవకాశమే లేనివాడికి అది ఒక ప్రశ్న. కళాశాల ఉండీ అందులో అధ్యాపకుడు లేనివాడికి మరో ప్రశ్న.

మొదటివాడి సంగతి చూద్దాం. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అటువంటిది అదే మొదటిది. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్మీడియట్ లేనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అది కల్పించింది. గోదావరిఖనిలోనో బెల్లంపల్లిలోనో బావి దిగే కార్మికుడికి, సిరిసిల్లలో మరమగ్గం నడిపే మనిషికి పగటి కళాశాల ఎన్నడూ తనది కాదు. అటువంటివాడి చేతికి అచ్చయిన పాఠం, చెవికి రేడియో పాఠం, సెలవురోజున అధ్యయన కేంద్రంలో సందేహం అడగడానికి ఒక మనిషి దొరికారు. ఈ మూడోది చిన్న ఏర్పాటుగా కనిపిస్తుంది. నా దృష్టిలో మిగతా రెంటికీ ప్రాణం అదే.

రచయితలుగా మనం ఆ పుస్తకాల భాషను కూడా గమనించాలి. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి వంటివాటిని ఒంటరిగా కూర్చుని చదివేవాడి కోసం తెలుగులో రాయవలసి వచ్చింది. తరగతిలో అయితే మింగుడుపడని మాటను అధ్యాపకుడు విడమరిచి చెబుతాడు; ఇక్కడ ఆ పని వాక్యమే చేయాలి. కొన్నిచోట్ల ఆ తెలుగు ఇనుప గుగ్గిళ్లే, కాదనను. అయినా ఉద్యోగ పరీక్షలకు కూర్చునే యువకులు ఇప్పటికీ ఆ పుస్తకాలను వెతుక్కుంటారు. 2017లో కేంద్రం ప్రారంభించిన స్వయం వేదికలో మాత్రం ఎక్కువ పాఠాలు ఇంగ్లీషువే.

ఇక రెండోవాడు. 2020 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ పాఠశాలల పాఠాలు దూరదర్శన్‌లో, టీశాట్‌లో వచ్చాయి. కరోనా కాలంలో అది తప్పనిసరి. కాని ఉట్నూరు వైపు గోండు, కొలాం పిల్లవాడి ఇంటి భాష వేరు. తరగతిలో పంతులు ఆ పిల్లవాడి ముఖం చూసి, అదే మాటను మరోలా చెప్పగలడు. టీవీకి పిల్లవాడి ముఖం కనబడదు.

కరోనా పోయింది, ఆ పద్ధతి మిగిలింది. ఒక కోర్సులో 40 శాతం వరకు స్వయం ద్వారా చదవవచ్చునని 2021లో యూజీసీ నిబంధన తెచ్చింది. విద్యార్థికి దొరకని విషయాన్ని దొరికించడానికే అయితే మంచిదే. అధ్యాపకుల ఖాళీలు ఏళ్లతరబడి నింపని చోట ఆ నిబంధన ఎవరికి అక్కరకు వస్తుందో ఊహించడం కష్టం కాదు. జీతం అడగని గురువు పాలకులకు ఎప్పుడూ ముద్దే.

ఈ విషయంలో మనకన్నా బాసర పిల్లలకే స్పష్టత ఉందనిపిస్తుంది. 2008లో నాటి ఆదిలాబాద్ జిల్లాలో, పదో తరగతి పూర్తిచేసిన గ్రామీణ విద్యార్థుల కోసం పెట్టిన ఆ విశ్వవిద్యాలయం లాప్‌టాప్ మీద చదువునే తన ప్రత్యేకతగా చెప్పుకున్నది. 2022 జూన్‌లో వేలాదిమంది విద్యార్థులు అక్కడ ఎండలో, వానలో బైఠాయించారు. వాళ్ల కోర్కెల జాబితాలో లాప్‌టాప్‌లూ ఉన్నాయి, అధ్యాపకుల సంఖ్య పెంచాలన్నదీ ఉంది.