గేటు లేని లెవెల్ క్రాసింగ్

ఖరగ్‌పూర్‌లో "గేటు పడింది" అంటే చాలు, ఆలస్యానికి ఇంక వేరే సంజాయిషీ అక్కర్లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో కొలువు కోసం ఇక్కడికొచ్చి నిలిచిపోయిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. నేను సిగ్నల్ శాఖలో చేశాను. మేనల్లుడి వీడియో గేమ్‌లో రైలు కనబడగానే నా చూపు కార్లను వదిలి పట్టాల మీదికే పోయింది.

ఆ గేమ్ మారియో కార్ట్ 64. నింటెండో 1996 డిసెంబరులో జపాన్‌లో విడుదల చేసింది. బుల్లి బళ్లలో ఎనిమిది మంది పందెం వేసుకుంటారు. అందులో మష్రూమ్ కప్‌లో నాలుగో ట్రాక్ కాలిమారి డెజర్ట్. బ్రహ్మజెముళ్ల ఎడారిలో పొగబండి తన చుట్టులైను మీద తిరుగుతూ ఉంటుంది. పందెం దారి ఆ లైనును రెండుచోట్ల దాటుతుంది. అంతే!

క్రాసింగు దగ్గరపడగానే గంట మోగుతుంది, ఎర్రదీపాలు మార్చి మార్చి వెలుగుతాయి. అడ్డుగా గేటు మాత్రం లేదు. "మావయ్యా, దూరిపోనా?" అంటాడు మావాడు. ఇంజను తగిలిందా, బండి గాల్లోకి ఎగిరి గిరగిరా తిరిగి పడుతుంది. మా ఇంటర్‌లాకింగ్ గేట్లలో గేటు మూసి తాళం పడితేగానీ రైలుకు సిగ్నల్ రాదు; ఆ తెంపరితనానికి చోటే ఉండదు. ఆటలో తేల్చుకోవాల్సింది ఆడేవాడే, అదీ రెప్పపాటులో.

నాకు నచ్చింది ఆ రైలు నిష్పక్షపాతం. ఈ ఆటలో వెనకబడ్డవాళ్లకు మంచి ఆయుధాలు దొరుకుతాయి. ముళ్ల నీలం డిప్ప మొదటివాణ్ణి వెతుక్కుంటూ వెళ్లి కొడుతుంది. రైలు అలా కాదు. ముందున్నవాడికీ వెనకున్నవాడికీ ఒకటే టైంటేబుల్. దాని దారి ముందే గీసిపెట్టారు, ఎవరినీ చూసి ఆగదు. మూడు చుట్లలో మీరొచ్చే వేళను బట్టి ఒకసారి ఖాళీ పట్టాలు, ఒకసారి ఇంజను, మరోసారి చివరి బోగీ ఎదురవుతాయి. రైలు వల్ల అదే దారి ప్రతి చుట్టులోనూ కొత్తగా మారిపోతుంది. ట్రాక్ గీసినవాళ్ల తెలివంతా అక్కడుంది.

ఇదే ట్రాక్ 2011లో మారియో కార్ట్ 7లోకి, 2022 ఆగస్టులో మారియో కార్ట్ 8 డీలక్స్‌లోకి వచ్చింది. ఈ రెండోదాంట్లో పందెం దారినే పట్టాల మీదికి, సొరంగంలోకి మళ్లించారు. చూడ్డానికి గొప్పగానే ఉంది. నా ఓటు మాత్రం పాతదానికే. క్రాసింగు దగ్గర ఆగాలా దూరాలా అన్న ఆ క్షణమే దీనికి ప్రాణం.

ఇలాంటి ట్రాక్ మనమూ గియ్యొచ్చు. సూపర్‌టక్స్‌కార్ట్ అని ఉచితంగా దొరికే కార్ల పందెం గేమ్ ఒకటుంది. బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్ నేర్చినవాళ్లు ఎవరైనా దానికి ట్రాక్ తయారుచెయ్యొచ్చు. 2013 దాకా ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరున్న మా 1,072 మీటర్ల ప్లాట్‌ఫాం, నింపురా యార్డు, వర్క్‌షాపు, గోల్ బజార్, అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఖరగ్‌పూర్ తెలుగు పిల్లల్లారా, మన ఊరి ట్రాక్ ఒకటి గియ్యండి. సిగ్నళ్లు ఎక్కడెక్కడ ఉండాలో నేను చెబుతాను.