అమ్మ చేతికి అందే రిమోటు

పోయిన వేసవిలో మేము పిల్లలతో కూడా ఊరికి వెళ్ళినప్పుడు అమ్మ ఇంట్లో టీవీ మీద పాత దుప్పటి కప్పి ఉంది. "పాడైందా అమ్మా?" అని అడిగితే, "ఏమో నాయనా, నీలం తెర వస్తోంది. బొమ్మ లేదు, మాట లేదు" అన్నది. ఎన్నాళ్ళయిందంటే వేళ్ళు ముడిచి లెక్కపెట్టి, "పదకొండు రోజులు" అన్నది.

నాన్నగారు పోయిన తరువాత ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటున్నది. పొద్దు గూకి తలుపు వేసుకున్నాక ఆమెకు వినిపించే మనిషి గొంతు ఆ టీవీలోదే. పదకొండు రోజులు అది కూడా లేకుండా గడిపింది.

తీరా చూస్తే టీవీకి ఏ రోగమూ లేదు. మా పెద్దవాడు రిమోటు తీసుకొని 'సోర్స్' అనే బటను రెండుసార్లు నొక్కగానే బొమ్మ వచ్చింది. అమ్మ శబ్దము పెంచబోయి పక్కనున్న ఆ బటను నొక్కింది. జరిగింది అంతే! "మరి ఫోనులో చెప్పలేదేమమ్మా?" అంటే, "ఈ మాత్రం దానికి పనులు మానుకొని రమ్మంటానా? పక్కింటి పిల్లవాణ్ణి రెండుసార్లు పిలిచాను. మూడోసారి పిలవాలంటే మొహమాటమైంది" అన్నది.

ఆ రాత్రి మేము ఆ ఇంట్లోని రిమోట్లు లెక్కపెట్టాము. టీవీకి ఒకటి, సెట్‌టాప్ బాక్సుకు ఒకటి, పాటలు వినడానికి మేమే కొనిచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టెకు ఒకటి. మూడింటికీ కలిపి నూట ఆరు బటన్లు. అందులో అమ్మకు నిజంగా కావలసినవి ఏడు! ఇటువంటి ఇళ్ళు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి గనుక, అన్నిటికీ కలిపి వాడే రిమోటు, అనగా యూనివర్సల్ రిమోటు, కొనడములోను వాడడములోను మేము నేర్చుకున్న సంగతులను ఈ నెల చదువరుల యెదుట ఉంచుతున్నాము.

ఇన్ని రిమోట్లు ఎలా వచ్చాయి?

టీవీని దూరం నుండి నడపాలనే ఆలోచన పాతదే. 1950లో అమెరికాలోని జెనిత్ కంపెనీ తీగ కట్టిన రిమోటును అమ్మింది. ఆ తీగ కాళ్ళకు తగిలి మనుషులు తూలిపడేవారు. 1955లో యూజీన్ పాలీ అనే ఇంజనీరు వెలుగుతో పనిచేసేదానిని, 1956లో రాబర్ట్ ఆడ్లర్ చెవికి వినబడని ధ్వనితో పనిచేసేదానిని తయారుచేశారు. మనము వాడేవి ఆ తరువాత వచ్చిన ఇన్‌ఫ్రారెడ్ రిమోట్లు, అనగా కంటికి కనబడని వెలుగుతో పనిచేసేవి.

మన ఊళ్ళలో రెండో రిమోటు రావడానికి వేరే కారణమున్నది. 2012లో మొదలై 2017 మార్చి నాటికి మన దేశములో కేబుల్ ప్రసారాలు అంచెలంచెలుగా డిజిటల్ పద్ధతికి మారాయి. పల్లెలు చివరి అంచెలో మారాయి. అప్పటి నుండి ఛానెళ్ళు పట్టే పని సెట్‌టాప్ బాక్సుది, బొమ్మ చూపే పని టీవీది అయ్యింది. పని రెండుగా చీలింది గనుక రిమోట్లు కూడా రెండయ్యాయి.

రిమోటు కొనలో ఉన్న చిన్న దీపము బటను నొక్కినప్పుడు సెకనుకు సుమారు 38,000 సార్లు మినుకుమంటుంది. ఆ మినుకులను గుంపులుగా విడగొట్టి, ఒక్కొక్క ఆజ్ఞకు ఒక్కొక్క సంకేతము పంపుతుంది. ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క సంకేత భాష. అందుకే ఒకరి రిమోటు మాట ఇంకొకరి టీవీ వినదు. ఆ భాషలు చాలా తెలిసినది గాని, కొత్తగా నేర్చుకోగలిగినది గాని యూనివర్సల్ రిమోటు.

కొనేముందు పాతదానిని పరీక్షించండి

రిమోటు పనిచేయకపోతే అది పాడైందని వెంటనే అనుకోవద్దు. ఫోనులోని కెమెరా తెరిచి, రిమోటు కొనను దానికి ఎదురుగా పెట్టి ఏదైనా బటను నొక్కండి. ఫోను తెర మీద ఆ దీపము మినుకుమంటే రిమోటు వెలుగు పంపుతున్నట్టే. వెనుక కెమెరాలో కనబడకపోతే ముందు కెమెరాతో చూడండి. కొన్ని ఫోన్లలో వెనుక కెమెరాకు ఆ వెలుగును ఆపే అద్దము ఉంటుంది.

దీపము కనబడకపోతే మొదట సెల్లులు మార్చండి. రెండూ ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేయకూడదు. సెల్లు కారి స్ప్రింగుకు తుప్పు పట్టి ఉంటే, ఆ సెల్లులు తీసివేసి, నిమ్మరసములో తడిపి పిండిన దూదితో తుడిచి, బాగా ఆరనిచ్చి కొత్తవి వేయండి. ఊరికి పోయి నెలల తరబడి ఇల్లు తాళం వేసేవారు సెల్లులు తీసి పక్కన పెట్టడము మంచిది.

దుకాణానికి వెళ్ళేటప్పుడు టీవీ వెనుక, సెట్‌టాప్ బాక్సు అడుగున ఉన్న చీటీ మీది కంపెనీ పేరు, మోడల్ నంబరు కాగితము మీద వ్రాసుకోండి, లేదా ఫోనుతో ఫొటో తీసుకోండి. పాత రిమోటు చచ్చిపోయినా సరే వెంట తీసుకొని వెళ్ళండి. దాని ఆకారము, బటన్ల వరుస చూసి దుకాణదారుడు సరియైనది ఇవ్వగలుగుతాడు.

ఏ రకము ఎవరికి?

మొదటిది, ఒకే కంపెనీ టీవీ కొరకు చేసిన బదులు రిమోటు. ఇది చవక. సెల్లు వేయగానే పనిచేస్తుంది. కాని ఒక్క టీవీకే ఉపయోగము.

రెండవది, సంకేతాలు ముందే లోపల నింపిన రిమోటు. దీనితో పాటు కంపెనీ పేర్లు, వాటి నంబర్లు ఉన్న కాగితము వస్తుంది. టీవీ వేసి, 'సెట్' బటను దీపము వెలిగేవరకు నొక్కి పట్టి, ఆ నంబరు కొట్టాలి. ఒక కంపెనీకి నాలుగైదు నంబర్లు ఉండవచ్చు. ఆపే బటను పనిచేసి శబ్దము బటను పనిచేయకపోతే ఆ నంబరు సరియైనది కాదు, తరువాతిది ప్రయత్నించండి. నంబరు కుదిరిన తరువాత దానిని సెల్లుల మూత లోపలి వైపు వ్రాసిపెట్టండి. కొన్ని రిమోట్లు సెల్లులు తీయగానే అంతా మరచిపోతాయి. అప్పుడు ఆ వ్రాతే మిమ్మల్ని కాపాడుతుంది.

మూడవది, నేర్చుకొనే రిమోటు. దీనికి నంబర్లతో పని లేదు. పాత రిమోటు పంపే సంకేతాన్ని చూసి అదే తిరిగి పంపుతుంది. కంపెనీ పేరు ఎవరూ ఎరుగని టీవీలకు కూడా ఇది పనికి వస్తుంది. అయితే దీనికి నేర్పాలంటే పాత రిమోటు బ్రతికి ఉండాలి. అది పూర్తిగా చెడిపోకముందే నేర్పించుకోవాలి.

నాలుగవది చాలామంది చేతిలో ఉండి కూడా ఎరుగనిది. అనేక సెట్‌టాప్ బాక్సుల రిమోట్ల మీద ఒక మూల గీత గీసి 'టీవీ' అని వ్రాసిన నాలుగైదు బటన్లు ఉంటాయి. అవి టీవీ రిమోటు నుండి నేర్చుకొనే బటన్లు. వాటికి టీవీ ఆపడము, శబ్దము పెంచడము, తగ్గించడము నేర్పితే రూపాయి ఖర్చు లేకుండా రెండు రిమోట్ల పని ఒకటి చేస్తుంది. కనుక కొత్తది కొనేముందు ఇది చూసుకోండి.

నేర్పే విధానము

రెండు రిమోట్లను బల్ల మీద ఎదురెదురుగా, కొనలు ఒకదానినొకటి చూసేటట్టు, రెండు మూడు వేళ్ళ వెడల్పు ఎడముగా పెట్టండి. ఎండ పడే చోటు వద్దు. ఆ వెలుగు సంకేతాన్ని కలవరపరుస్తుంది. కొత్తదాని 'సెట్' బటను దీపము వెలిగేవరకు పట్టండి. తరువాత కొత్తదానిలో మీరు నేర్పదలచిన బటను ఒకసారి నొక్కండి. ఇప్పుడు పాతదానిలో అదే పని చేసే బటను నొక్కండి. దీపము మినుకుమంటే నేర్చుకున్నట్టు. ఇలాగే ఒక్కొక్కటి నేర్పి, చివర 'సెట్' నొక్కి ముగించండి. కొన్నిటిలో ఈ వరుస కొంచెము వేరుగా ఉంటుంది గనుక వెంట వచ్చిన కాగితము పారవేయకండి.

ఎక్కడ పనికిరాదు?

కొన్ని కొత్త స్మార్ట్ టీవీల రిమోట్లు, టీవీ వెనుక గుచ్చే ఫైర్ టీవీ స్టిక్ వంటి వాటి రిమోట్లు బ్లూటూత్‌తో పనిచేస్తాయి. వాటికి ఈ వెలుగు సంకేతాలు నేర్పడము కుదరదు. అటువంటి ఇళ్ళలో టీవీ సెట్టింగులలో వేరే మార్గము వెదకండి. హెచ్.డి.ఎం.ఐ. తీగతో కలిపిన పరికరాలు ఒకదాని రిమోటుతో మరొకటి నడిచే ఏర్పాటు చాలా టీవీలలో ఉంది. సామ్‌సంగ్ దానిని ఎనీనెట్ ప్లస్ అని, ఎల్.జి. సింప్‌లింక్ అని, సోనీ బ్రావియా సింక్ అని పిలుస్తాయి.

ఏసీ సంగతి కూడా వేరు. ఏసీ రిమోటు ప్రతి నొక్కుకు చల్లదనము, ఫ్యాను వేగము మొదలైనవన్నీ కలిపి పంపుతుంది. నేర్చుకొనే రిమోటుకు 24 డిగ్రీలు ఉన్నప్పుడు నేర్పితే అది ఎప్పుడూ 24 అనే చెబుతుంది. ఏసీకి ఏసీ కొరకు చేసిన రిమోటే కొనండి.

ఇన్‌ఫ్రారెడ్ దీపము ఉన్న ఫోన్లు కూడా రిమోటుగా పనిచేస్తాయి. షావోమీ వారి అనేక ఫోన్లలో అది ఉంది. అయితే ఫోను జేబులో పెట్టుకొని మనము బయటికి వెళ్ళిపోతే ఇంట్లో ఉన్న పెద్దవారి గతి ఏమిటి?

పసిపిల్లలున్న ఇంట జాగ్రత్త

పాటల పెట్టెలకు, రంగుల దీపాలకు వచ్చే పల్చని రిమోట్లలో రూపాయి బిళ్ళ వంటి సెల్లు ఉంటుంది. పసిబిడ్డ దానిని మింగి అది అన్నవాహికలో చిక్కుకుంటే రెండు గంటలలోనే లోపల కాల్చివేయగలదు. మింగినట్టు అనుమానము కలిగినా వాంతి చేయించే ప్రయత్నము చేయక, వెంటనే ఎక్స్‌రే తీసే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. వాడేసిన బిళ్ళ కూడా ప్రమాదమే. కనుక సన్న సెల్లులు వేసేది, వీలైతే మూతకు మర ఉన్నది ఎంచుకోండి.

అమ్మ రిమోటు

మేము మర్నాడు బజారులో నేర్చుకొనే రిమోటు ఒకటి కొన్నాము. బటన్లు తక్కువ, పెద్దవి, ఎడమెడముగా ఉన్నది చూసి తీసుకున్నాము. మెరుపు చూసి కాదు, అమ్మ బొటనవ్రేలు చూసి! కీళ్ళవాతముతో వంగిన ఆ వ్రేలితో నొక్కవలసినది ఆమె గదా.

టీవీ వేయడము, బాక్సు వేయడము, శబ్దము రెండు, ఛానెలు రెండు, పాటల పెట్టె ఒకటి: మొత్తము ఏడు నేర్పాము. 'సోర్స్' బటను మాత్రము నేర్పలేదు. టీవీ వేసే బటను మీద ఎర్ర గోళ్ళరంగు చుక్క, బాక్సు బటను మీద తెల్ల చుక్క పెట్టాము. పాత రిమోట్లు మూడింటినీ సెల్లులు తీసి, సంచిలో కట్టి, బీరువాలో పెట్టాము. సెల్లు మార్చే పని మేము చేయలేదు. అమ్మ చేతనే మూడుసార్లు తీయించి, వేయించాము. మొదటిసారి స్ప్రింగు వైపు తారుమారు చేసి, "నా వల్ల కాదు పొండి" అని రిమోటు మంచము మీద పడేసింది. రెండోసారి మా చిన్నది పక్కన కూర్చుని, "నాయనమ్మా, చదునుగా ఉన్న వైపు స్ప్రింగుకు" అని చెప్పింది. మూడోసారి ఎవరూ చెప్పలేదు.

చదువరులారా, రిమోటు మంచిదా కాదా అని తెలుసుకొనే కొలత మాకు అప్పుడు అర్థమైంది. ఎన్ని పరికరాలను నడుపుతుందని కాదు, ఇంట్లో అందరికంటె చేతకానివారు ఎవరి సాయమూ లేకుండా దానిని వాడగలరా అని చూడాలి. కొనిచ్చి వచ్చేయడము సగము పనే. పక్కన కూర్చుని, విసుగుకొనకుండా నేర్పడము మిగతా సగము.

రెండు నెలల తరువాత అమ్మ ఫోను చేసింది. రిమోటు ఆగిపోతే తానే కొట్టులో సెల్లులు తెప్పించి వేసుకున్నదట. పక్కింటి ఆమెకు కూడా ఎలా వేయాలో చూపించిందట. చివరకు, "రిమోటు బాగానే ఉంది గదా అని మీరు రావడం మానకండి" అన్నది. ఆ ఆదివారమే మేము బయలుదేరి వెళ్ళాము.