గౌట్ మాత్ర మొదలుపెట్టే ముందు డాక్టర్‌కి చెప్పాల్సినవి

రాత్రి బాగానే పడుకుంటారు. తెల్లారేసరికి కాలి బొటనవేలు ఎర్రగా వాచిపోయి, దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్టు ఉంటుంది. ఇది గౌట్‌కి మామూలుగా కనిపించే లక్షణం. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై, సన్నటి స్ఫటికాలుగా కీళ్లలో పేరుకుంటే ఈ నొప్పి వస్తుంది.

ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో అబ్బాకి రాసిన మాత్రల్లోంచే నాలుగు చాచాకి ఇచ్చేస్తారు. లేదా పాత చీటీ పట్టుకుని మెడికల్ షాపుకి వెళ్తారు. 'యూరిక్ యాసిడ్ మాత్రే కదా, ఏమవుతుంది' అనుకుంటారు. కానీ ఒకరికి మేలు చేసిన గౌట్ మందు, కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి, వేరే మందులు వాడుతున్నవారికి ప్రాణాల మీదకి తెచ్చే అవకాశం ఉంది.

మందులు రెండు రకాలు

మొదటి రకం నొప్పి వచ్చినప్పుడు వాడేవి. కాల్చిసిన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు ఇందులోకి వస్తాయి. రెండో రకం యూరిక్ యాసిడ్‌ని తగ్గించడానికి రోజూ వాడేవి. అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్ ఈ రకం. నొప్పి వచ్చిన రోజు అల్లోప్యూరినాల్ రెండు మాత్రలు వేసుకుంటే నొప్పి తగ్గదు. అది నొప్పి మాత్ర కాదు.

ఇంకో మాట. నొప్పి, వాపు ఏమీ లేకుండా రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ కొంచెం ఎక్కువ కనిపించిందంటే, చాలామందికి మందు అవసరం ఉండదు. రిపోర్టు చూసి మనమే మాత్ర మొదలుపెట్టకూడదు.

కిడ్నీ సంగతి ముందు తేల్చుకోవాలి

మాత్ర మొదలుపెట్టే ముందు క్రియాటినిన్, లివర్ పరీక్షలు చేయించమని డాక్టర్ చెప్తే, ఖర్చు ఎందుకులే అని వదిలేయొద్దు. షుగర్, బీపీ చాలా ఏళ్లుగా ఉన్నవారికి కిడ్నీ దెబ్బతిన్న విషయం బయటికి తెలియకపోవచ్చు. అల్లోప్యూరినాల్‌ని మామూలుగా రోజుకి 100 మిల్లీగ్రాములు, లేదా ఇంకా తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. కిడ్నీ సమస్య ఉంటే ఇంకా జాగ్రత్తగా మొదలుపెడతారు. పక్కింటివారు 300 వాడుతున్నారని మనం నేరుగా 300 వేసుకోవడం ప్రమాదం. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కూడా బలహీనమైన కిడ్నీని ఇంకా పాడుచేస్తాయి.

వాడుతున్న మందులన్నీ చూపించండి

ఇంట్లో ఉన్న మాత్రల కవరు మొత్తం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ముఖ్యంగా ఇవి చెప్పాలి.

అజాథయోప్రిన్, మెర్కాప్టోప్యూరిన్: వీటితో అల్లోప్యూరినాల్ కలిస్తే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఫెబుక్సోస్టాట్‌ని వీటితో అసలు వాడకూడదు.

క్లారిత్రోమైసిన్: ఛాతీ ఇన్ఫెక్షన్లకి ఇచ్చే యాంటీబయాటిక్ ఇది. కాల్చిసిన్‌తో కలిస్తే ఒంట్లో కాల్చిసిన్ విషం స్థాయికి చేరొచ్చు. కిడ్నీ, లివర్ జబ్బు ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ.

కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్ మాత్రలు: కాల్చిసిన్‌తో కలిసినప్పుడు కొందరిలో కండరాలు దెబ్బతింటాయి.

వార్ఫరిన్: రక్తం పలచబడే ఈ మందు ప్రభావాన్ని అల్లోప్యూరినాల్ పెంచవచ్చు.

గుండె జబ్బు ఉన్నవారు ఆ మాట తప్పకుండా చెప్పాలి. ఫెబుక్సోస్టాట్ వాడేవారిలో గుండె సంబంధ మరణాల ముప్పు ఎక్కువని 2019లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది.

ఇక బీపీకి వాడే కొన్ని నీటి మాత్రలు, గుండె కోసం వేసుకునే చిన్న ఆస్పిరిన్, టీబీ మందుల్లో పైరజినమైడ్ యూరిక్ యాసిడ్‌ని పెంచుతాయి. అలాగని వాటిని మీ అంతట మీరు మానేయకూడదు.

యునానీ మందు దాచొద్దు

కీళ్ల నొప్పులకి మన పెద్దవాళ్లు మాజూన్-ఎ-సురంజాన్ వాడటం కొత్తేమీ కాదు. సురంజాన్ అనేది కాల్చికం జాతి మొక్క దుంప. ఆ జాతి మొక్కల్లో కాల్చిసిన్ ఉంటుంది. అంటే ఒక పక్క మాజూన్, ఇంకో పక్క కాల్చిసిన్ మాత్ర వాడితే ఒకే మందు రెండు దారుల్లో ఒంట్లోకి వెళ్తున్నట్టే. హకీమ్ సాబ్ దగ్గర వాడుతున్నది డాక్టర్‌కి, డాక్టర్ రాసింది హకీమ్ సాబ్‌కి చెప్పండి.

మొదటి నెలల్లో గమనించాల్సినవి

అల్లోప్యూరినాల్ మొదలుపెట్టిన తొలి వారాల్లో, నెలల్లో ఒంటి మీద దద్దుర్లు వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. వెంటనే మాత్ర ఆపి, అదే రోజు డాక్టర్‌ని కలవండి. జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం ఊడటం ఉంటే నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి. ఇది అరుదే, కానీ వస్తే ప్రాణాంతకం. ఒకసారి అలా జరిగినవారు ఆ మందు మళ్లీ ముట్టుకోకూడదు.

కాల్చిసిన్ వేసుకున్నాక వాంతులు, విరేచనాలు మొదలైతే మందు ఎక్కువైందన్న సూచన కావచ్చు. ఇంకో మాత్ర వేయకుండా డాక్టర్‌ని అడగండి. దీన్ని పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టండి.

మరోవైపు, రోజూ వాడే మందు మొదలుపెట్టాక తొలి నెలల్లో గౌట్ నొప్పి మళ్లీ రావచ్చు. పాత స్ఫటికాలు కరగడం వల్ల ఇలా జరుగుతుంది. మందు పనిచేయట్లేదని ఆపేయొద్దు. ఈ నొప్పిని ఆపడానికే చాలామందికి కొన్ని నెలలు కాల్చిసిన్ కూడా రాస్తారు. యూరిక్ యాసిడ్‌ని 6 కన్నా కిందికి తేవడం లక్ష్యం.

రంజాన్, బక్రీద్ రోజుల్లో

అల్లోప్యూరినాల్ మామూలుగా రోజుకి ఒకసారి, తిన్నాక వేసుకునే మాత్ర. ఇఫ్తార్ తర్వాతకి మార్చుకోవచ్చా అని రంజాన్‌కి ముందే అడగండి. ఒంట్లో నీరు తగ్గితే నొప్పి తిరగబెట్టొచ్చు. అందుకే ఇఫ్తార్ నుంచి సహర్ దాకా నీళ్లు బాగా తాగాలి. గుండె, కిడ్నీ రోగులు మాత్రం డాక్టర్ చెప్పినంతే తాగాలి. రోజా వద్దని డాక్టర్ చెప్తే మొండికేయొద్దు, జబ్బుపడినవారికి దీన్‌లో సడలింపు ఉంది.

మాత్ర వేసుకుంటున్నాం కదా అని బక్రీద్‌కి కలేజీ, గుర్దా ఇష్టం వచ్చినట్టు తినడం కూడా సరికాదు. వాటితో యూరిక్ యాసిడ్ పెరుగుతుంది.

కిడ్నీ రిపోర్టు, వాడుతున్న మందులన్నీ, గతంలో ఏ మందుకైనా వచ్చిన ఎలర్జీ, గర్భం లేదా పాలిచ్చే తల్లి అయితే ఆ సంగతి. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని డాక్టర్ ముందు పెట్టండి. మాత్ర మొదలయ్యేది ఆ తర్వాతే.