సరుకుతో పాటు చెక్కకూ పరీక్షే!
ఎగుమతుల్లో ప్యాలెట్ల ఎంపిక కీలకం

అమలాపురం: కోనసీమ కొబ్బరి పీచు, కోకోపిట్ దిమ్మలకు విదేశాల్లో మంచి గిరాకీ ఉంది. పొట్టును కడిగి ఉప్పుశాతం తగ్గించడం నుంచి దిమ్మగా అదిమే వరకు తయారీదారులు ఎంతో జాగ్రత్త వహిస్తారు. ఆ దిమ్మలను మోసుకెళ్లే పీట విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. ఫోర్క్‌లిఫ్టు ఇనుప చేతులు దూరేందుకు వీలుగా అడుగున ఖాళీ వదిలి తయారుచేసే ఈ పీటనే ప్యాలెట్ అంటారు. చెక్క ప్యాలెట్‌పై సరైన ముద్ర లేకుంటే, సరుకు ఎంత నాణ్యమైనదైనా విదేశీ రేవులో నిలిచిపోయే ప్రమాదం ఉంది.

పురుగు భయంతోనే నిబంధన
పచ్చి చెక్కలో దాగిన పురుగులు సరుకుతో పాటు దేశాలు దాటుతాయి. ఆసియాకు చెందిన పొడవు మీసాల పెంకుపురుగు 1996లో అమెరికాలోని న్యూయార్క్ చెట్లపై కనిపించింది. చైనా నుంచి వచ్చిన ప్యాకింగ్ చెక్కే దానికి వాహకమని నిపుణులు భావించారు. ఇలాంటి అనుభవాల దృష్ట్యా అంతర్జాతీయ సస్యరక్షణ ఒప్పందం కింద 2002లో ‘ఐఎస్‌పీఎం-15’ ప్రమాణం అమల్లోకి వచ్చింది. పరాయి పురుగు చేసే చేటు కోనసీమ రైతులకు కొత్త కాదు. 2016లో పొల్లాచ్చి ప్రాంతంలో బయటపడిన సర్పిలాకార తెల్లదోమ తరువాత ఇక్కడి కొబ్బరి తోటలనూ పీడించింది.

ఈ ప్రమాణం ప్రకారం చెక్క గర్భంలో 56 డిగ్రీల సెల్సియస్ వేడి వరుసగా 30 నిమిషాలు నిలవాలి. లేదా మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టాలి. ఆ వాయువు ఓజోన్ పొరకు హాని చేస్తుంది కనుక ఐరోపా సమాఖ్య 2010లో తన పరిధిలో దాని వాడకాన్ని నిలిపివేసింది. శుద్ధి చేసిన చెక్కపై గోధుమ కంకి గుర్తు, దేశానికి ‘ఐఎన్’ సంకేతం, శుద్ధి కేంద్రం సంఖ్య, వేడి శుద్ధికి ‘హెచ్‌టీ’ అక్షరాలు ఉండాలి. మన దేశంలో కేంద్ర మొక్కల సంరక్షణ, క్వారంటైన్ డైరెక్టరేట్ గుర్తింపు పొందిన కేంద్రాలే ఈ ముద్ర వేయాలి.

చెక్క: చవక, మరమ్మతు సులువు
మామిడి, వేప వంటి చెట్ల కలపను వ్యాపారులు జంగిల్‌వుడ్‌గా వ్యవహరిస్తారు. ఇది చవక. విరిగిన పలకను మేకులు కొట్టి మార్చుకోవచ్చు. అయితే మూడో వంతుకు మించి పలకలు మారిస్తే తిరిగి శుద్ధి చేయించి కొత్త ముద్ర వేయించాలి. వేడి శుద్ధి పురుగును చంపుతుందే తప్ప చెక్కలోని తేమను పూర్తిగా తీయదు. తడి చెక్కను కంటైనరులో పెడితే ఆ తేమ ఆవిరై, రాత్రి చల్లదనానికి పైకప్పున నీటిబొట్లుగా మారి సరుకుపై పడుతుంది. బూజు పడితే దిమ్మల బేరం చెడినట్లే. కొబ్బరి మాను విషయానికొస్తే, వెలుపలి భాగం గట్టిది. లోపలి భాగం మెత్తన కావడంతో మేకు పట్టు నిలవదు.

ప్లాస్టిక్: రొయ్యకు మేలు
ప్లాస్టిక్‌కు ఐఎస్‌పీఎం-15 వర్తించదు. నీళ్లతో కడిగి శుభ్రం చేసుకోవచ్చు. అందువల్ల రొయ్యల శుద్ధి కర్మాగారాలకు, శీతల గిడ్డంగులకు ఇదే అనువైనది. అయితే పాలీప్రొపిలీన్ రకం గడ్డకట్టే చలిలో పెళుసుబారుతుంది. మైనస్ 18 డిగ్రీల వద్ద హెచ్‌డీపీఈ రకం మేలు. ధర చెక్క కంటే అధికం. తిరిగి వస్తే ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. సరుకుతో విదేశానికి వెళ్లి తిరిగి రానిదైతే ఆ పెట్టుబడి నష్టమే.

అట్ట, ఇనుము, పొట్టుచెక్క
అట్ట ప్యాలెట్లు తేలిక కనుక విమాన రవాణాకు అనుకూలం. తేమ తగిలితే బలం కోల్పోతాయి. ఇనుము బరువైన యంత్రాలకు సరిపోతుంది. సముద్రపు గాలికి తుప్పు పడుతుంది. జిగురు కలిపి వేడితో అదిమిన పొట్టుచెక్కకు శుద్ధి ముద్ర అక్కర్లేదు కానీ తడిస్తే ఉబ్బుతుంది.

డొక్కతోనూ ప్యాలెట్
కొబ్బరి డొక్కలో లిగ్నిన్ అనే సహజ పదార్థం అధికంగా ఉంటుంది. వేడి, ఒత్తిడి కలిస్తే అదే జిగురులా పనిచేస్తుంది. వేరే జిగురు లేకుండా డొక్కతో గట్టి పలకలు చేయవచ్చని నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ పరిశోధకులు 2004లో వివరించారు. ఈ పద్ధతి ప్యాలెట్ల తయారీకీ దారి చూపింది. అంబాజీపేట పరిసరాల్లో డొక్కకు కొదవ లేదు. వేడితో అదిమే యంత్రాలకు అయ్యే పెట్టుబడే ఇక్కడ తేల్చుకోవలసిన అంశం.

కొనేముందు
ప్యాలెట్ తిరిగి వస్తుందా, రాదా? ఎంత బరువు మోయాలి? కొనుగోలుదారు దేశం ఏ శుద్ధిని కోరుతోంది? ఈ మూడింటికీ జవాబు తెలుసుకున్నాకే ధర చూడాలి. తిరిగి రాని కోకోపిట్ సరుకుకు బాగా ఆరిన, హెచ్‌టీ ముద్ర ఉన్న చెక్క అనుకూలం. గిడ్డంగిలోనే తిరిగే రొయ్యల పెట్టెలకు ప్లాస్టిక్ లాభదాయకం. ముద్ర లేని చెక్కతో వెళ్లిన సరుకును అక్కడి అధికారులు తిప్పి పంపవచ్చు, లేదా ఆ చెక్కను ధ్వంసం చేయించవచ్చు. అప్పుడు అయ్యే ఖర్చు ముందు, ప్యాలెట్‌పై మిగుల్చుకున్న సొమ్ము ఏ మూలకూ చాలదు.