ఎర్రబడ్డ ఫూజీ, తెల్లమబ్బు బారులు

జపాన్ చిత్రకారుడు కట్సుషికా హొకుసాయ్ చెక్క అచ్చు చిత్రం ‘గైఫూ కైసెయ్’లో ఉన్నవి మూడే: కొండ, మబ్బులు, అడవి. దక్షిణపు గాలి వీచే తేట ఉదయం అది. వేసవి చివర, మంచు చాలావరకు కరిగాక, తొలిపొద్దు వెలుగు పడి 3,776 మీటర్ల ఫూజీ ఎర్రబడే వేళ. హొకుసాయ్ శిఖరాన్ని నడిమిన పెట్టక కుడివైపు జరిపి, ఎడమ వాలును బారుగా సాగదీశాడు. వెనక ఆకాశాన్ని చేప పొలుసుల్లాంటి మబ్బుబారులతో నింపాడు. కొండ ఎంత నిశ్చలంగా ఉన్నా బొమ్మలో గాలి ఆడుతున్నట్టు తోచేది ఆ మబ్బుల వల్లే.

1830ల తొలినాళ్లలో ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, నిషిమురాయా యొహాచి ప్రచురించిన ‘ఫూజీ పర్వతపు ముప్పై ఆరు దృశ్యాలు’లో ఇదొకటి. అప్పటికి హొకుసాయ్‌కి డెబ్బై ఏళ్లు. ఆదరణ బాగుండటంతో మరో పది చేరి మొత్తం 46 అయ్యాయి. ప్రపంచమంతా ఎరిగిన ‘మహా కెరటం’ కూడా ఈ వరసలోదే. తక్కిన చాలా చిత్రాల్లో ఫూజీ దూరాన ఉంటుంది, ముందు పడవవాళ్లో పనివాళ్లో బాటసారులో ఉంటారు. ఇక్కడ మనిషి జాడే లేదు. దీనికి జోడనదగ్గ మరో చిత్రంలో ఇదే కొండ కొన తేట ఆకాశంలో ఉంటే, పాదాల దగ్గర చీకట్లో మెరుపు మెరుస్తుంది.

గీసింది హొకుసాయ్. ఆ గీతను అచ్చుగా మలిచింది మాత్రం చెక్కేవాడూ అద్దేవాడూ. పల్చటి కాగితం మీది బొమ్మను చెర్రీ పలక మీద బోర్లా అంటించి, గీతలు మాత్రం ఉబ్బెత్తుగా మిగిలేలా చుట్టూ తవ్వేస్తారు. చిత్రకారుడు గీసిన కాగితం ఆ పనిలోనే పోతుంది. రంగులకు వేరే పలకలు. అంచున చెక్కిన చిన్న గాట్లకు కాగితాన్ని ఆనిస్తే రంగు మీద రంగు పక్కకు పోకుండా పడుతుంది. పలక మీద పరిచిన కాగితాన్ని, వెదురు పొర చుట్టిన గుండ్రటి బిళ్లతో వీపున రుద్దుతారు. మబ్బులకు తెల్లరంగు వాడలేదు. ఆకాశపు పలకలో వాటి చోటు తవ్వేశారు, కనబడే తెలుపు కాగితానిదే. పలక మీదే రంగును తడితో పలచన చేయడం వల్ల కొండ ఎరుపు అడవి పచ్చదనంలోకి మెల్లగా కరుగుతుంది. మంచి ప్రతుల్లో అక్కడ చెక్క చారలు కూడా కాగితం మీదికి వచ్చాయి.

ఆకాశానిది ప్రష్యన్ నీలం. 18వ శతాబ్ది ఆరంభంలో బెర్లిన్‌లో పుట్టిన ఈ రంగు, దిగుమతై, 1830 నాటికి జపాన్ అచ్చువాళ్లకు అందుబాటులోకి వచ్చింది. పూల నుంచి తీసే నీలంలా ఇది త్వరగా వెలిసిపోదు.

ఒకే పలకల నుంచి వచ్చినా ప్రతులన్నీ ఒకటి కావు. జనం మనసులో నిలిచిన ‘ఎర్ర ఫూజీ’ చాలావరకు తర్వాతి ముద్రణలది: ముదురు ఎరుపు, చదునైన నీలం. తొలి ప్రతుల్లో కొండ లేత గులాబి గోధుమ రంగులో ఉంటుంది. నీలం మబ్బుల మధ్య ఎగుడుదిగుడుగా పరుచుకుంటుంది. కొండ రంగును బట్టి వాటిని ‘గులాబి ఫూజీ’ అంటారు. అవి అరుదు. అప్పుడప్పుడే తెల్లవారుతున్న ఆకాశం కనిపించేది వాటిలోనే. ముదురు ప్రతుల్లో కొండకు బలం వచ్చింది గానీ ఆ వేకువ పోయింది.