ఎకరం అమ్మేముందు జెర ఆగుండ్రి

ఇంట్ల ఆలికో మొగనికో క్యాన్సర్ అని తేలంగనే ఊర్ల ఇనవడే మొదటి మాట "ఎకరం బేరం పెట్టు". రెండోది "మూడు రూపాల మిత్తికి తే". తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, ఆ రెంటికంటె ముందుగాల ఆరోగ్యశ్రీ కార్డు చెల్లే దవాఖానకు వోయి ఆరోగ్యమిత్రను కలువాలె.

క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఆరోగ్యశ్రీల ఉన్నయ్. 2023 డిసెంబర్ల మన తెలంగాణల పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచిండ్రు. హైదరాబాద్‌ల ఎంఎన్‌జే సర్కారు క్యాన్సర్ దవాఖాననే. రేషన్ కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు ఒక్క సంచిల వెట్టుండ్రి. సొంత పైసలు కడితే అసలు బిల్లులు దాచుండ్రి, ముఖ్యమంత్రి సహాయనిధికి అవే అడుగుతరు. వైద్యానికి రైల్ల పోతే, డాక్టర్ సర్టిఫికెట్ ఉంటె స్లీపర్‌ల రోగికి టికెట్ పైసలుండయ్, తోడువోయేటోళ్లకు 75 శాతం తగ్గిస్తరు.

మరి గిన్ని ఉన్నా అప్పెందుకైతది? కార్డు దవాఖాన ఖర్చు చూస్తది గని ఆగిన కూలి కట్టియ్యదు. పెండ్లాం మంచంల వడితే మొగడు పనికి పోలేడు. రోగం ఒక్కలకు, బందయ్యేది రెండు కూలీలు. పైనుంచి రూం కిరాయి, పిల్లల ఫీజు, పాత మిత్తి. అందుకే తోడున్న మనిషికి గూడ రోజుకూలి ఇయ్యాలని సర్కారును గట్టిగ అడగాలె.

అది వచ్చేదాంక మనం చేసేది ఒకటుంది. వంతులేసుకొని ఒక్కో కీమోకు ఒక్కలు తోడు పోవాలె. గా పొద్దు ఆ ఇంటికి ఒక కూలి మిగుల్తది.