మందు కొట్టి వచ్చాక తల తిరుగుతోందా? తేలిగ్గా తీసుకోవద్దు!

‘పొద్దుటి నుంచి మందు కొట్టాడు, ఎండదెబ్బ తగిలినట్టుంది. మజ్జిగ తాగి పడుకుంటే తగ్గిపోతుందిలే!’ నడికుడి చుట్టుపక్కల మిర్చి, పత్తి పండించే ఇళ్లలో ఇలాంటి మాటలు మామూలే. కానీ అది ఎండదెబ్బ కాకపోవచ్చు. ఒంట్లో ఒక ముఖ్యమైన ఎంజైమ్ పని ఆగిపోతుండొచ్చు.

ఏమిటీ ఎంజైమ్?

నాడుల నుంచి కండరాలకు, గ్రంథులకు ఆదేశాలు మోసుకెళ్లే రసాయనం ఎసిటైల్‌కోలిన్. పని కాగానే దాన్ని ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ విడగొట్టేస్తుంది. ఇది మహా వేగం గలది. ఒక్కో ఎంజైమ్ అణువు సెకనుకు వేల అణువులను విడగొడుతుంది. అది ఆగిపోతే ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. నోట్లో, కళ్లలో నీరు ఊరుతుంది. చెమటలు, వాంతులు, విరేచనాలు, కండరాల అదురు మొదలవుతాయి. కంటిపాపలు సూదిమొనంత అవుతాయి. చివరికి ఊపిరి అందదు.

అన్ని అడ్డంకులూ ఒకటి కావు

అల్జీమర్స్‌కు వాడే డొనెపెజిల్ కూడా ఈ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. కానీ మోతాదు కొలిచి ఇస్తారు, పట్టు కూడా తాత్కాలికమే. మితోమిల్ వంటి కార్బమేట్ పురుగుమందులు ఎంజైమ్‌కు అతుక్కున్నా, సాధారణంగా ఒక రోజులోపే వాటంతట అవే వదిలేస్తాయి. అలాగని అవి ప్రమాదం లేనివని కాదు. ఆ కాసేపట్లోనే ప్రాణం మీదికి రావొచ్చు.

మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గనోఫాస్ఫేట్ల పట్టు ఇంకా గట్టిది. కొన్ని మందుల విషయంలో గంటల్లోనే, కొన్నింటిలో ఒకటి రెండు రోజుల్లో అది శాశ్వతంగా బిగుసుకుపోతుంది. ఆ తర్వాత శరీరం కొత్త ఎంజైమ్‌ను తయారు చేసుకోవాల్సిందే. దానికి వారాలు పడుతుంది. ఈలోపే మళ్లీ మళ్లీ పిచికారీ చేస్తుంటే ఎంజైమ్ కొద్దికొద్దిగా తరిగిపోతుంది. ‘ఎప్పుడూ కొట్టే మందే, ఈసారే ఎందుకిలా?’ అన్న ప్రశ్నకు జవాబు ఇదే కావొచ్చు.

చికిత్సలో గంటలే కీలకం

అట్రోపిన్ ఎంజైమ్‌ను బాగుచేయదు. పేరుకున్న ఎసిటైల్‌కోలిన్ ప్రభావాన్ని అడ్డుకుని ఊపిరి నిలబెడుతుంది. ప్రాలిడాక్సిమ్ అనే మందు ఎంజైమ్‌ను విడిపించగలదు, అదీ పట్టు బిగుసుకోకముందే. అవసరాన్ని బట్టి డాక్టర్లు దీన్ని ఇస్తారు. కాస్త కోలుకున్నాక కూడా ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ, ఊపిరి కండరాలు బలహీనపడే ప్రమాదం ఉంది. అందుకే డాక్టర్ చెప్పకుండా ఇంటికి తీసుకురావద్దు.

వెంటనే ఏం చేయాలి?

* చేలోంచి గాలి తగిలే చోటికి తీసుకెళ్లండి. 108కి ఫోన్ చేయండి.
* తడిసిన బట్టలు తీసేసి, ఒళ్లు, జుట్టు సబ్బునీటితో కడగండి. మీరు చేతులకు తొడుగులు వేసుకోండి.
* బలవంతంగా వాంతి చేయించొద్దు. మజ్జిగ, ఉప్పునీళ్లు పట్టొద్దు.
* మందు డబ్బా మీది లేబుల్‌ను ఆసుపత్రిలో చూపించండి. ఏ మందో తెలిస్తే చికిత్స సులువవుతుంది.

కొనేటప్పుడే డబ్బా మీద రంగు చూడండి. ఎరుపు అత్యంత విషపూరితం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మందు కొట్టేటప్పుడు నిండు చేతుల చొక్కా, మాస్క్, చేతి తొడుగులు తప్పనిసరి. గాలికి ఎదురుగా కొట్టొద్దు. ఆ బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి ఉతకొద్దు.